రోజుకు ఎనిమిది గంటలనే తప్పుడు లెక్క

పెద్ద లా సంస్థల్లో చేరబోతున్న కుర్రవాళ్లకు ఈ మధ్య ఒక సందేశం పదే పదే అందుతోంది. "అక్కడ పని కష్టమన్నది బద్ధకస్తుల మాట. ఏడాదికి 2,000 గంటలు క్లయింట్లకు బిల్లు చేయాలి, అంతే కదా! రోజుకు ఎనిమిది గంటలు, 250 రోజులు. రాత్రుళ్లు కూర్చునేవాళ్లు పగలు సమయం పాడుచేసుకున్నవాళ్లే. ఎనిమిదేళ్లు ఓర్చుకుంటే పార్ట్‌నర్ అవుతారు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు చేతకానివాళ్లు." అటువంటి సంస్థలో నాలుగేళ్లు అసోసియేట్‌గా, అంటే యజమానులైన పార్ట్‌నర్ల కింద జీతానికి ఉండే లాయరుగా పనిచేశాను. ఇందులో ఒక్క వాక్యాన్ని కూడా ఒప్పుకోలేను.

ముందు ఆ గుణకారం సంగతి. ఏడాదిలో శని, ఆదివారాలు తీసేస్తే 261 రోజులు. పండుగ సెలవులు పోతే సుమారు 250. అంటే ఈ లెక్క ప్రకారం జ్వరం రాకూడదు, ఇంట్లో పెళ్లి జరగకూడదు. అంతకన్నా పెద్ద తప్పు, ఆఫీసులో గడిపిన ప్రతి గంటా బిల్లు గంటే అనుకోవడం. క్లయింటు ఖాతాలో రాయగలిగితేనే అది బిల్లు గంట. చాలా సంస్థల్లో గంటను ఆరేసి నిమిషాల చొప్పున పది ముక్కలు చేస్తారు. పద్దెనిమిది నిమిషాలు ఫోనులో మాట్లాడితే టైమ్‌షీట్‌లో 0.3 వేసి, ఎవరి కోసం, ఏ విషయం మీద అన్నది పక్కన రాయాలి. శిక్షణ తరగతులు, అంతర్గత సమావేశాలు, సీనియర్ సవరణల కోసం ఎదురుచూపులు, ఆ టైమ్‌షీట్ నింపే సమయం, ఇవేవీ ఏ క్లయింటు ఖాతాలోకీ వెళ్లవు.

1958లో అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్, న్యాయవాదులను గంటల లెక్క రాసుకోమని ప్రోత్సహిస్తూ ఒక చిన్న పుస్తకం వెలువరించింది. అదనపు వేళల్లో పనిచేయకపోతే ఫీజు తెచ్చే గంటలు ఏడాదికి దాదాపు 1,300 మాత్రమేనని అందులోనే రాశారు. మిగతా 700 గంటలు రాత్రుళ్లలోంచీ ఆదివారాల్లోంచీ తేవలసిందే.

పగలు సమయం పాడుచేసుకున్నవాళ్లే రాత్రి కూర్చుంటారన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. ఒక రోజు చెబుతాను. ఒక కంపెనీని మరొక కంపెనీ కొంటోంది. ఉదయం తొమ్మిదికే నా బల్ల దగ్గర ఉన్నాను. ఒప్పందం ముసాయిదా పార్ట్‌నర్ దగ్గర ఉంది, ఆయన సాయంత్రం దాకా వరస సమావేశాల్లో ఉన్నారు. మధ్యాహ్నమంతా నా చేతిలో పని లేదు, రాయడానికి గంటలూ లేవు. రాత్రి 9.40కి ఆయన సవరణలు వచ్చాయి. తెల్లవారేసరికి అవతలి పక్షానికి పంపాలి. 7.2 నిబంధన కొట్టేశారు. దాంతో 7.3 కాస్తా 7.2 అయింది. నూట పది పేజీల్లో "7.3 ప్రకారం" అని ఉన్న ప్రతి చోటా సరిచూడాలి. ఒక్కటి తప్పినా హక్కు ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి పోవచ్చు. పూర్తయ్యేసరికి మూడు దాటింది. ఆ పగటిని పాడుచేసింది నేనా? పని పై నుంచి కిందికి దిగుతుంది, చివరి మెట్టు మీద ఉన్నవాళ్లకు చేరేసరికి రాత్రవుతుంది. పైగా గంటల మీద డబ్బు వచ్చే చోట పనిని తొందరగా ముగించినవాళ్లకు ప్రత్యేకమైన మెప్పేమీ ఉండదు.

జీతం ఎక్కువన్నది నిజమే, కాదనను. వాక్యాన్ని అంత శ్రద్ధగా చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

కానీ ఓర్చుకుంటే పార్ట్‌నర్ అవుతారన్నది మాత్రం ఆశ చూపించే మాట. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో న్యూయార్క్‌లో పాల్ క్రవాత్ అనే లాయరు తన సంస్థలో ఒక పద్ధతిని స్థిరపరిచాడు. చదువు ముగించిన మెరికల్లాంటి విద్యార్థులను నేరుగా తీసుకోవాలి, కొన్నేళ్లు తర్ఫీదు ఇవ్వాలి, కొద్దిమందినే పార్ట్‌నర్లను చేసి మిగిలినవాళ్లను పంపించాలి. ఎన్నో పెద్ద సంస్థలు నేటికీ ఆ దారిలోనే ఉన్నాయి. ఒక్కో పార్ట్‌నర్ కింద పలువురు అసోసియేట్లు పనిచేస్తేనే లాభం. అందరూ పైకెక్కితే ఆ లెక్క నిలవదు. ఎక్కినవాళ్లకు కూడా అది కేవలం పెద్ద జీతం కాదు. లాభంలో వాటా ఉన్న పార్ట్‌నర్ సాధారణంగా పెట్టుబడి పెట్టాలి, నష్టమూ మోయాలి. 2012లో డ్యూయీ అండ్ లెబఫ్ అనే అమెరికా లా సంస్థ దివాలా తీసినప్పుడు మాజీ పార్ట్‌నర్లలో ఎంతోమంది తాము తీసుకున్న సొమ్ములో కొంత వెనక్కి కట్టారు.

ఇక చేతకానివాళ్ల సంగతి. నాతో పాటు చేరిన ఒకామె, వందల ఒప్పందాలు తిరగేస్తూ, యాజమాన్యం మారితే లీజు రద్దు చేయవచ్చన్న షరతును ఒక అనుబంధం చివరి పేజీలో పట్టుకుంది. మా అందరి కళ్లూ దాటిపోయిన షరతు అది. మూడో ఏడాది ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు ఒక కంపెనీ న్యాయ విభాగంలో ఉంది. బయటి సంస్థలకు ముసాయిదా పంపవలసి వస్తే మధ్యాహ్నం లోపే పంపుతుంది.