గదులు కాదు, మనుషులు కావాలి

2014 జులై 20న లైబీరియా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడు లాగోస్ విమానాశ్రయంలో కుప్పకూలాడు. అతనికి ఎబోలా అనే ప్రాణాంతక వైరస్ జబ్బు. దాదాపు రెండు కోట్ల జనాభా ఉన్న నగరమది, పైగా ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉన్నారు. అయినా నైజీరియాలో ఆ వ్యాధి 20 కేసులు, 8 మరణాలతో ఆగిపోయింది. మూడు నెలలకు, అక్టోబరు 20న, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని ఎబోలా రహితంగా ప్రకటించింది.

రోగిని డిశ్చార్జ్ చేయాలని ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోని డాక్టర్ స్టెల్లా అడదేవో తెగువ ఇందుకు మొదటి కారణం. ఆమె అదే జబ్బుకు బలయ్యారు. ఆ తర్వాత చెప్పుకోవలసింది ఒక ఆఫీసు గురించి. పోలియో నిర్మూలన కోసం నైజీరియా 2012లోనే అత్యవసర సమన్వయ కేంద్రం పెట్టుకుంది. ఎబోలా అని తేలగానే ఆ కేంద్రం డిప్యూటీ మేనేజర్ ఫైసల్ షుయబ్‌కు పగ్గాలు అప్పగించారు. పోలియో పనిలో తర్ఫీదైన డాక్టర్లను అటు పంపారు. వాళ్లు 894 మంది కాంటాక్టులను గుర్తించారు. లక్షణాలు కనిపిస్తున్నాయేమోనని సుమారు 18,500 సార్లు స్వయంగా వెళ్లి కలిశారు. ఇల్లిల్లూ తిరగడం వాళ్లకు కొత్త కాదు కాబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గర ఏం జరిగింది? 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆస్పత్రుల పాలయ్యారు. స్థానిక వైద్య సిబ్బంది బాగానే పనిచేశారు, ఎక్కువమంది త్వరగా కోలుకుని ఇళ్లకు వెళ్లారు. కారణం విషయంలోనే గందరగోళం. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. నీళ్లా, కూరగాయలా, గాలా అని ఊరంతా టెన్షన్ పడుతుంటే టీవీల్లో తలా ఒక మాట. నీటి సరఫరా, వ్యవసాయం, ఆహార భద్రత, కాలుష్య నియంత్రణ అధికారులను మొదటి రోజే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, సాయంత్రానికి ఒక్క నోటితో మాట్లాడించే పనే సమన్వయ కేంద్రానిది.

2021 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల మిషన్‌లో దేశవ్యాప్తంగా ఇలాంటి 15 ఆరోగ్య అత్యవసర సమన్వయ కేంద్రాలు పెట్టాలని ఉంది. మంచిదే. కానీ మన ప్రభుత్వాలకు భవనం కట్టడం, గోడకు పెద్ద స్క్రీన్లు బిగించడం, రిబ్బన్ కత్తిరించడం తేలిక. జబ్బు ఎక్కడ పుట్టి ఎలా పాకుతోందో కనిపెట్టే ఎపిడెమియాలజిస్టు పోస్టు మంజూరు చేసి, భర్తీ చేసి, ఏ ముప్పూ లేని నెలల్లో కూడా జీతమివ్వడమే కష్టం. డిప్యుటేషన్ మీద నలుగురిని తెచ్చి కూర్చోబెడితే కంట్రోల్ రూమ్ అవుతుంది కానీ సమన్వయ కేంద్రం కాదు.

సమాచారం అందిన 120 నిమిషాల్లో పని మొదలుపెట్టగలగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. అర్ధరాత్రి ఫోన్ వస్తే బండి మాట్లాడటానికి, శాంపిళ్లు ల్యాబుకు పంపడానికి డ్యూటీ అధికారి ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడకూడదు. ఆ అధికారం రాతపూర్వకంగా ముందే ఇవ్వాలి. డెంగీ, డయేరియా సీజన్లలో ఇదే కేంద్రాన్ని నడిపించాలి, ఏటా వచ్చే జబ్బుల మీద చెయ్యి తిరగకపోతే కొత్త వైరస్ వచ్చిన రోజు తడబాటే మిగులుతుంది.

ఈ కేంద్రాల కోసం ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఆఖరి మాక్ డ్రిల్ ఏ తేదీన జరిగింది అనే మూడు వివరాలను రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ వచ్చే శాసనసభ సమావేశాల్లో సభ ముందు పెట్టాలి.