పాలమూరు వలసకు దూరమొక్కటే కొలమానమా?

మనుషులు ఎక్కువగా దగ్గరి ఊళ్లకే వలసపోతారని 1885లో భూగోళశాస్త్రవేత్త రావెన్‌స్టీన్ సూత్రీకరించారు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లే. అయినా నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్ల కూలీలు దశాబ్దాలుగా దాన్ని కాదని బొంబాయి, పుణె బస్సులెక్కారు. వానలు మొహం చాటేసిన ఏడు కూలీలను పనిచోట్లకు తీసుకెళ్లే గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. బిడ్డ పెళ్లికో, ఎండిన బోరు అప్పుకో ఆ డబ్బు అప్పుడే చెల్లిపోతుంది. అది తీర్చడానికి ఆలుమగలు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, వంటగిన్నెలు మూటగట్టుకొని బయలుదేరతారు. జనాభానూ దూరాన్నీ మాత్రమే లెక్కించే నమూనాలో ఈ అడ్వాన్సుకు చోటు లేదు.

మానవ భూగోళశాస్త్రంలో ప్రత్యక్షవాదం (పాజిటివిజం) మీద, అంటే కొలవగలిగిన వాటి నుంచే సార్వత్రిక సూత్రాలు తీయాలన్న దృక్పథం మీద జరిగిన వాదోపవాదాలు నాకు ఇక్కడే అర్థమవుతాయి. ప్రాంతాల మధ్య తేడాలను వివరించడమే ఈ శాస్త్రం పని అన్న భూగోళశాస్త్రవేత్త హార్ట్‌షోర్న్‌ను ఎదిరిస్తూ, ఇది కూడా సార్వత్రిక సూత్రాలను వెతకాలని 1953లో ఫ్రెడ్ షేఫర్ వాదించారు. గణాంక పద్ధతులు ఆ తర్వాతే విస్తరించాయి. 1969లో ఆ శాస్త్రీయ పద్ధతికి పెద్ద గ్రంథమే రాసిన భూగోళశాస్త్రవేత్త డేవిడ్ హార్వే, అమెరికా నగరం బాల్టిమోర్‌లో పేదల ఇళ్ల సమస్యను దగ్గరగా చూశాక, 1973 నాటికి పెట్టుబడి, అద్దె, అధికారాల వైపు తన ప్రశ్నను మళ్లించారు.

అలాగని కొలతలే వద్దనడం నాకు సమ్మతం కాదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్‌తో వంగిన ఎముకల బాధ ప్రభుత్వాల ముందు నిలబడడానికి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని నీళ్లు దాటాయని చూపిన పరీక్షలే ఆధారమయ్యాయి. అంకె లేకపోతే ఆ గోడును విధి రాతగా కొట్టిపారేసేవారు. అయితే ఆ నీళ్లే తాగక తప్పని స్థితి ఎవరికి, ఎందుకు వచ్చిందో పరీక్షనాళిక చెప్పదు. దానికి భూమి, కులం, సాగునీటి పంపకాల చరిత్రలోకి వెళ్లాలి.

కాబట్టి అసలు పేచీ లెక్కపెట్టడం గురించి కాదు, లెక్కలో ఏయే గడులు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారన్నదాని గురించి. 2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, అంటే వలస కూలీలు ఇంకా పనిచోట్లలోనే ఉండే రోజుల్లో జరిగింది. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివారిని ఎక్కడుంటే అక్కడే లెక్కించాలన్నది నియమం. కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉన్న కుటుంబం తలుపు ఎంతమంది తట్టి ఉంటారు? రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు, అదీ వలస కాలమే. తాళం వేసిన ఇంటి ముందు ఆగిన ఎన్యూమరేటరు, అరుగు మీది అవ్వను మరో రెండు మాటలు అడిగేలా ఆ ఫారం ఉండాలి: వాళ్లు ఎప్పుడు పోయారు, ఎవరి అడ్వాన్సు మీద పోయారు అని.