గోల్‌పోస్టు గారికి, ఒక మాజీ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ రాసుకున్నది

అయ్యా గోల్‌పోస్టు గారూ,

నిన్న నాకు జరిగిన సన్మానం తమరూ చూశారు కదా, ఫ్లెక్సీ కట్టింది తమరికే. మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు, ముఖ్య అతిథి గారు ఐదున్నరకి దిగారు. అంతసేపూ ఎండలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ ఫ్లెక్సీనే చూస్తూ ఉన్నాను. అందులో నేను బోర్లా పడి ఉన్నాను, బంతి వల్లో ఉంది, కొట్టినవాడు చేతులు చాపి పరిగెడుతున్నాడు, తమరేమో ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడి ఉన్నారు. కింద 'మన గోల్‌కీపర్' అని పెద్దక్షరాలు!

పద్దెనిమిదేళ్లు ఆడితే నేను బంతి ఆపిన ఫోటో ఒక్కటీ దొరకలేదట. షీల్డు మీద బొమ్మ కూడా బంతి తన్నేవాడిదే.

తమరు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఏ కాలంలోనూ అంగుళం తగ్గింది లేదు. రూల్సు మాత్రం మా మీదే పడతాయి. 1992లో మనవాడు కాలితో వెనక్కిచ్చిన బంతి చేత్తో పట్టకూడదన్నారు, 2025లో ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే అవతలివాళ్లకి కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం, అన్నారు.

మన ఇండియా టీం పాత గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ గారిని చూడండి, హైదరాబాద్‌లో పుట్టినాయన. ఆర్మీలో చేరినప్పుడు సెంటర్ ఫార్వర్డట, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు, హాయిగా అక్కడే ఉండాల్సింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇండియా దక్షిణ కొరియాని 2-1తో ఓడించినప్పుడు కీపర్ ఆయనే. గోల్స్ కొట్టిన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ పేర్లు క్విజ్‌లో అడుగుతారు. ఈయనేమో తర్వాత కోచ్ అయ్యి, 2008లో బొకారోలో పోయారు. మొన్న ప్రాక్టీసులో ఆయన పేరెత్తితే మా కుర్రాడొకడు "తమిళ హీరోనా సార్?" అన్నాడు. అసలు నా దగ్గరికి కీపింగ్ నేర్చుకుందామని వచ్చేదెవరు? పరిగెత్తలేడని మిగతా కోచ్‌లు పక్కన పెట్టిన పిల్లలే.

సరే, అవన్నీ వదిలేస్తాను. ఆ ఫోటో మాత్రం వదల్లేను. ఆ బంతి నా చేతుల్లోకే వస్తోంది, మా డిఫెండర్ మోకాలికి తగిలి పక్కకి తిరిగింది. ఫోటోలో ఆ మోకాలు లేదు! ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, మా ఆవిడ తప్ప ఎవరూ వినలేదు, ఆవిడా ఈమధ్య వినడం మానేసింది. నిన్న మైకు చేతికొస్తే అదే చెబుదామని లేచాను, "టైం లేదు సార్, ఒక నమస్కారం పెట్టేయండి" అన్నారు. పెట్టాను. నువ్వు చూశావు. నీకు రెండడుగుల దూరంలో జరిగింది కదా, ఆ మోకాలు నీకు కనపడలేదా? ఇన్నేళ్లు నీకు కాపలా కాసినందుకు ఒక్క సాక్ష్యమైనా చెప్పవా?

అంటే, అదే మ్యాచ్‌లో అంతకుముందు ఇంకో బంతి నీ కుడి కర్రకి తగిలి బయటికి పోయిందనుకో. మర్నాడు పేపర్లో నేనే వేలికొసతో తప్పించానని రాశారు. నేను కాదనలేదు. నువ్వూ నోరు విప్పలేదు.

పొద్దున ఐదున్నరకి వస్తాను. ఆ కుడి కర్ర ఊగుతోంది, అడుగున ఇటుక దోపాలి. ఫ్లెక్సీ అలాగే ఉంచు, పిల్లలకి షూటింగ్ ప్రాక్టీసు ఉంది. ఆ చేతులు చాపినవాడి మొహానికి గురిపెట్టమంటాను.

ఇట్లు,
బోర్లా పడినవాడు