‘ఒక్క పుట్ వేస్తే అయిపోతుంది’ అన్న మాట తప్పు

అమీర్‌పేట కోచింగ్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ చాలా రోజులుగా తిరుగుతోంది. నాకే ఇప్పటికి నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: లినక్స్ కర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్లలో రిఫరెన్స్ కౌంట్ (ఒక మెమరీని ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) తప్పులు కుప్పలుగా ఉన్నాయి. గెట్ (లెక్క ఒకటి పెంచడం) ఉండి పుట్ (ఒకటి తగ్గించడం) లేని చోటు వెతికి, అక్కడో పుట్ వేసి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపితే పది నిమిషాల్లో కర్నెల్‌లో మన పేరు పడుతుంది. బోర్డు (ఆ డ్రైవర్ నడిచే హార్డ్‌వేర్) అక్కర్లేదు, కంపైల్ అయితే చాలు. తప్పు పడినా మునిగేదేం లేదు, కాస్త మెమరీ లీకే, రీబూట్ చేస్తే పోతుంది. ఎలాగూ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తోంది కాబట్టి ఇదంతా లోతుగా నేర్చుకోవాల్సిన పని లేదు.

నేను మాదాపూర్‌లో కూర్చుని డ్రైవర్లు రాసేవాణ్ణి. ఈ మెసేజ్‌లో మొదటి వాక్యం నిజం, తప్పులు చాలానే ఉన్నాయి. మిగతా మాటలను నమ్మి రాత్రుళ్లు మేల్కొని ప్యాచ్‌లు రాస్తున్న పిల్లలను చూస్తున్నాను కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

ముందు పుట్ సంగతి. పుట్‌లు పడి లెక్క సున్నాకి చేరితే ఆ మెమరీ విడుదలైపోతుంది. ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఖాళీ చేసి వెళ్లినవాడి పేరు రిజిస్టర్‌లో కొట్టేయకపోతే మంచం ఊరికే పడి ఉంటుంది. అది లీక్. పండక్కి ఊరెళ్లినవాడి పేరు పొరపాటున కొట్టేశారనుకోండి, వాడి పెట్టె మంచం కిందే ఉండగా ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మొదటివాడు అర్ధరాత్రి బస్సు దిగి వచ్చి, చీకట్లో తన మంచమే అనుకుని పడుకోబోతాడు. విడుదల చేసేసిన మెమరీని పాత పాయింటర్‌తో ముట్టుకోవడం అంటే అదే. లీక్ ఉన్న డ్రైవర్‌లో తప్పు చోట పుట్ వేస్తే, ఖాళీ మంచం బాధ పోయి ఈ బాధ వచ్చిపడుతుంది.

మా ల్యాబ్‌లో జరిగింది చెబుతాను. ఒక డేటా లాగర్‌కి (కొలతలు నమోదు చేసే పరికరానికి) యూఎస్‌బీ డ్రైవర్. ప్రోబ్‌లో, అంటే పరికరం తగిలించగానే నడిచే ఫంక్షన్‌లో, కేరెఫ్ (కర్నెల్‌లోని రిఫరెన్స్ కౌంటర్) ఇనిట్ చేస్తే కౌంట్ ఒకటి. యూజర్ ప్రోగ్రామ్ ఓపెన్ చేస్తే గెట్, కౌంట్ రెండు. క్లోజ్ చేస్తే ఒక పుట్, కేబుల్ పీకితే డిస్‌కనెక్ట్‌లో ఇంకో పుట్. ఎవరిది చివరి పుట్ అయితే వాళ్ల చేతుల మీదుగా మెమరీ విడుదలవుతుంది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఓపెన్ ఫంక్షన్‌లో గెట్ ముందు ఉంది, పరికరాన్ని నిద్రలేపే పని తర్వాత ఉంది. నిద్రలేపడం విఫలమైతే ఎర్రర్ ఇచ్చి వెనక్కి వచ్చేస్తోంది. ఓపెన్ విఫలమైతే కర్నెల్ రిలీజ్ ఫంక్షన్‌ని (క్లోజ్ చేసినప్పుడు పుట్ వేసేది అదే) పిలవదు. కాబట్టి ఆ గెట్‌కి పుట్ లేదు.

కొత్తగా చేరిన ఒక తమ్ముడు దాన్ని పట్టుకున్నాడు. పట్టుకోవడం మెచ్చుకోదగ్గ పని. డిస్‌కనెక్ట్‌లో రెండో పుట్ వేసి తెచ్చాడు.

“అన్నా, మూడుసార్లు చూసిన. ఇప్పుడు లీక్ లేదు.”

“ఏది చూసినవ్ తమ్మీ?”

“ఓపెన్ ఫెయిలయ్యేటట్టు చేసి కేబుల్ పీకిన.”

ఆ ఒక్క దారిలో అతని లెక్క సరే: ఇనిట్ ఒకటి, గెట్ ఒకటి, రెండు పుట్‌లు, సున్నా. నేను లాగర్ ప్రోగ్రామ్ మామూలుగా నడిపించి, ఫైలు తెరిచి ఉండగానే కేబుల్ పీకమన్నాను. డిస్‌కనెక్ట్‌లోని రెండు పుట్‌లకే కౌంట్ సున్నాకి చేరి మెమరీ విడుదలైపోయింది. ఆ తర్వాత ప్రోగ్రామ్ ఆపగానే క్లోజ్ దారిలో మూడో పుట్ పడింది. డీమెసేజ్‌లో (కర్నెల్ రాసే లాగ్‌లో) ‘రిఫ్‌కౌంట్ టీ: అండర్‌ఫ్లో, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అన్న లైను, అంటే లెక్క సున్నా కిందకి పోయింది అని, దాని కింద కాల్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న జాబితా). ఆ కుర్రాడి ముఖం పాలిపోయింది. నిన్నటిదాకా కొన్ని వందల బైట్లు కారుతున్న డ్రైవర్, ఇప్పుడు కర్నెల్ మెమరీని పాడుచేసే డ్రైవర్ అయింది.

అసలు మరమ్మతు కొత్త పుట్ కాదు, గెట్‌ని నిద్రలేపే పని కిందకి జరపడం. లైను ఒక్కటే. కానీ అలా జరిపితే ఓపెన్‌కీ గెట్‌కీ మధ్య కేబుల్ పీకేస్తే ఏమవుతుంది? అది తేల్చుకోవడానికి ఇద్దరికీ ఒక పూట పట్టింది. ఓపెన్ నడుస్తున్నంతసేపూ యూఎస్‌బీ కోర్ (కర్నెల్‌లోని యూఎస్‌బీ భాగం) ఒక లాక్ పట్టుకుని ఉంటుంది, మైనర్ నంబర్ (డివైస్ ఫైలుకి ఇచ్చిన అంకె) వదిలేసే ఫంక్షన్‌కి కూడా అదే లాక్ కావాలి, మా డిస్‌కనెక్ట్ ఆ వదిలే పని అయ్యాకే పుట్ వేస్తోంది అని కోడ్ చదివి ఖాయం చేసుకున్నాం. కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో కేరెఫ్‌కి చెప్పిన మూడో నియమం సరిగ్గా ఇదే: చేతిలో అప్పటికే చెల్లే రిఫరెన్స్ లేకుండా కొత్తది తీసుకోవాలంటే, చివరి పుట్ అదే సమయంలో పడకుండా కాపు ఉండాలి. పది నిమిషాల మెసేజ్‌లో ఈ నియమం ఊసే లేదు.

‘గెట్ అని రాసి ఉంటే పుట్ వెతకండి’ అన్న సూత్రం కూడా నిలవదు, పేర్లు మోసం చేస్తాయి. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరాలున్నాయో చెప్పే పట్టిక, అందులో ఒక్కో అంశం ఒక నోడ్) వెతికే ‘ఆఫ్ ఫైండ్ కంపాటిబుల్ నోడ్’ పేరులో గెట్ లేదు, కానీ దొరికిన నోడ్ కౌంట్ పెంచుతుంది. పైగా వెతుకులాట ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని మనం ఇచ్చిన నోడ్‌కి తనే పుట్ వేసేస్తుంది. తెలియక ఇంకో పుట్ వేస్తే రెండుసార్లు తగ్గినట్టే. పరికరాన్ని నిద్రలేపే ‘పీఎం రన్‌టైమ్ గెట్ సింక్’ విఫలమైనా కౌంట్ పెంచే వస్తుంది. ఇన్ని డ్రైవర్లు దీని మీద జారాయి కాబట్టే 2020లో, విఫలమైతే తనే తగ్గించుకునే ‘రెజ్యూమ్ అండ్ గెట్’ తెచ్చారు. డివైస్ రిజిస్టర్ విఫలమైతే కేఫ్రీ (మెమరీని నేరుగా విడుదల చేయడం) చేయకూడదు, పుట్ డివైస్ చేయాలి. ఆ ఫంక్షన్ మీది కామెంట్‌లోనే ఈ హెచ్చరిక ఉంటుంది.

బోర్డు అక్కర్లేదన్న మాటకి ఒక్క ఉదాహరణ చాలు. కర్నెల్ కాన్ఫిగ్‌లో ‘ఆఫ్ డైనమిక్’ (OF_DYNAMIC) ఆప్షన్ పెట్టకపోతే డివైస్ ట్రీ నోడ్‌ల గెట్, పుట్ రెండూ ఏ పనీ చేయని ఖాళీ ఫంక్షన్లు. అలాంటి కర్నెల్‌లో ఎక్కడ ఎన్ని పుట్‌లు వేసినా కంపైల్ అవుతుంది, నడుస్తుంది కూడా. తప్పు బయటపడేది ఇంకొకరి బోర్డు మీద. టూల్స్ పట్టేస్తాయి కదా అంటారు. మెమరీ తప్పులు పట్టే కసాన్, పరీక్షలో నడిచిన కోడ్ దారినే చూస్తుంది. లీకులు వెతికే కేమెమ్‌లీక్, ఏదో లిస్టులో ఇంకా పాయింటర్ మిగిలి ఉన్న వస్తువుని లీక్‌గా లెక్కే వేయదు.

ఇక ‘కాస్త లీకే’ అన్నది. 2016 జనవరిలో బయటపడ్డ భద్రతా లోపం సీవీఈ-2016-0728 చూడండి. డ్రైవర్‌లోది కాదు, కీరింగ్ (ప్రాసెస్‌ల రహస్య కీలు దాచే భాగం) కోడ్‌లోది, కానీ జబ్బు ఇదే. ఒక ప్రాసెస్ తన సెషన్ కీరింగ్ స్థానంలో మళ్లీ అదే కీరింగ్ పెట్టుకుంటే ఒక పుట్ తప్పిపోతోంది. కౌంటర్ 32 బిట్లది. అదే పని దాదాపు 429 కోట్ల సార్లు చేస్తే కౌంట్ చుట్టు తిరిగి సున్నాకొస్తుంది, వాడుకలో ఉన్న కీరింగ్ విడుదలైపోతుంది, మామూలు యూజర్ రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయ్యే దారి తెరుచుకుంటుంది. కనిపెట్టినవాళ్ల మెషీన్ మీద అందుకు పట్టింది అరగంట. కర్నెల్ 3.8 వెర్షన్ నుంచీ ఉన్న తప్పు అది.

2017లో కర్నెల్ 4.11తో రిఫ్‌కౌంట్ టీ (ఈ లెక్క కోసమే చేసిన కౌంటర్ రకం) వచ్చాక, కౌంట్ చుట్టు తిరగకుండా పైనే ఆగిపోతుంది. అంతవరకు మేలే. అయితే ఆ రక్షణ ఎక్కువ గెట్‌లకి. ముందే పడ్డ పుట్‌ని అది ఆపలేదు. అండర్‌ఫ్లో అని హెచ్చరిక వచ్చేసరికి మెమరీ చేయి దాటిపోయి ఉంటుంది.

రస్ట్ 2022 డిసెంబరులో 6.1తో కర్నెల్‌లోకి వచ్చింది. పుట్‌ని మరిచిపోకుండా, రెండుసార్లు వేయకుండా చాలావరకు అదే చూసుకుంటుంది, అందుకు నేనూ సంతోషిస్తున్నాను. కానీ లీక్ కాకుండా చూస్తానని రస్ట్ ఎన్నడూ మాటివ్వలేదు. వస్తువుని విడుదల చేయకుండానే వదిలేసే ‘ఫర్గెట్’ని సేఫ్ కోడ్‌లోనే పిలవొచ్చు. సీ భాషలోని ఫంక్షన్‌ని రస్ట్‌లో చుట్టేటప్పుడు, అది కౌంట్ పెంచి ఇస్తుందా, అరువుగా ఇస్తుందా అన్నది రాసేవాళ్లే తెలుసుకుని చెప్పాలి. ‘ఫైండ్ కంపాటిబుల్ నోడ్’ మనం ఇచ్చిన నోడ్‌కి తనే పుట్ వేసేస్తుందని తెలియనివాళ్లు ఆ చుట్టునీ తప్పుగానే రాస్తారు.

ఆ మెసేజ్ మళ్లీ మీ గ్రూపుకి వస్తే, దాని కింద ఇది జతచేసి పంపండి: ప్యాచ్ పంపేముందు డివైస్ ఫైలు తెరిచి ఉంచి కేబుల్ పీకండి, ఆ తర్వాత ఫైలు మూయండి, డీమెసేజ్ చూడండి.