శ్రీవిజయం: తాత దండయాత్ర, మనవడి దానశాసనం

రాజేంద్ర చోళుడి సముద్ర దండయాత్రకు వెయ్యేళ్లు నిండాయని 2025లో తమిళనాట ఉత్సవాలు ఘనంగా జరిగాయి. సోషల్ మీడియాలో మనవాళ్లూ పులి జెండాలూ మ్యాపులూ తెగ పంచుకున్నారు. నౌకలెక్కి వెళ్లి కడారం (మలయా ద్వీపకల్పంలోని నేటి కెడా) గెలిచిన మాట నిజమే. ఓడిన రేవుల పేర్లను తంజావూరు శాసనం వరసపెట్టి చెబుతుంది కూడా. ఆ పట్టీలో మొదటి పేరు శ్రీవిజయం. ఓడింది ఎవరో, వాళ్లతో చోళులకు అంతకుముందూ ఆ తర్వాతా ఉన్న సంబంధమేమిటో మాత్రం ఆ సందడిలో ఎవరికీ పట్టలేదు.

సుమత్రా దీవిలో మూసీ నది ఒడ్డున ఉన్న నేటి పాలెంబాంగ్ ఆ రాజ్యానికి కేంద్రం (హైదరాబాదు మూసీతో దీనికి సంబంధం లేదు). దాని బలమంతా నీళ్ల మీదే. మన తీరం నుంచి చైనా వెళ్లే ఓడ మలక్కా జలసంధి దాటాలి, గాలి మళ్లేదాకా ఎక్కడో ఒకచోట లంగరేసుకుని కూర్చోవాలి. ఆ కూర్చునే చోటు ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్లది. పైగా ఆ రోజుల్లో ఎంతో విలువ పలికిన కర్పూరం, సాంబ్రాణి ఆ దీవి అడవుల్లో పుట్టిన సరుకే. తమ రేవును తప్పించుకుని జారుకునే ఓడలపై శ్రీవిజయం పడవలు విరుచుకుపడేవని 13వ శతాబ్దపు చైనా అధికారి ఝావ్ రుగువా రాశాడు. బౌద్ధ రాజ్యమంటే అహింసా రాజ్యమనుకునేవారికి ఇది కాస్త మింగుడుపడదు.

నిజానికి ఆ రాజ్యం రెండు ముఖాలూ దాని రాళ్లమీదే ఉన్నాయి. 684 నాటి తలాంగ్ తువో శాసనంలో రాజు కొబ్బరి, పోక, వెదురు నాటించి, ఈ తోట ఫలం సకల ప్రాణులకూ దక్కాలని కోరుకుంటాడు. తెలగా బాటు రాయిది వేరే ధోరణి. పైన ఏడు పడగల నాగు, కింద నీళ్లు జారే తూము. యువరాజులు, సేనానులు, ఓడ నాయకులు, వర్తకులు, చివరికి చాకలివాళ్ల దాకా అందరినీ పేరుపేరునా పిలిచి, ద్రోహం తలపెడితే తాగిన ఈ ప్రమాణ జలమే మిమ్మల్ని చంపుతుందని శపిస్తుంది. తోట వేసిన చేయి, శాపం పెట్టిన నోరు ఒకే పాలనవి.

చదువులోనూ వాళ్లది పెద్ద పేరే. చైనా భిక్షువు ఇత్సింగ్ 671లో నాలందాకు బయలుదేరి, దారిలో ఆరు నెలలు ఇక్కడ ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. వెయ్యికి పైగా భిక్షువులున్నారనీ, భారతదేశం వెళ్లే చైనా భిక్షువులు ముందు ఇక్కడ ఒకటి రెండేళ్లు సాధన చేస్తే మంచిదనీ రాశాడు. తిరుగు ప్రయాణంలో ఇక్కడే ఉండి అనువాదాలకు కూర్చున్నాడు. 689లో కాగితం, సిరా పంపమని చైనాకు ఉత్తరం ఇద్దామని ఓడెక్కితే, అంతలో గాలి అనుకూలించి ఆ ఓడ ఆయన్నీ తీసుకునే వెళ్లిపోయింది! టిబెట్‌లో బౌద్ధానికి కొత్త ఊపిరి పోసిన అతీశుడు కూడా ఈ దీవుల ఆచార్యుడు ధర్మకీర్తి దగ్గర పన్నెండేళ్లు చదివాడని టిబెట్ సంప్రదాయం చెబుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది వీళ్ల దౌత్యం. సుమారు 860లో శ్రీవిజయ రాజు బాలపుత్రదేవుడు నాలందాలో విహారం కట్టించి, దాని పోషణకు బెంగాల్ పాల వంశపు రాజు దేవపాలుడి చేత ఐదు గ్రామాలు ఇప్పించాడు. 1003లో చైనా చక్రవర్తి దీర్ఘాయువు కోసం ఆలయం కట్టామని కబురుపెట్టి, దానికి పేరూ గంటలూ అడిగి తెచ్చుకున్నారు. రెండు మూడేళ్లకే నాగపట్టణంలో శ్రీవిజయ రాజు కట్టించిన చూడామణి విహారానికి రాజరాజ చోళుడు ఆనైమంగళం గ్రామం రాసిచ్చాడు. వరస చూడండి: సరుకు ఎటు వెళుతుందో విహారం అటే లేస్తోంది. భక్తి లేదని అనను. కానీ ఇంత లెక్క తెలిసిన భక్తి అరుదు.

అలాంటి స్నేహం మీద ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1025లో, రాజేంద్రుడి నౌకలు పడ్డాయి. రాజు సంగ్రామ విజయోత్తుంగవర్మ పట్టుబడ్డాడు, రత్నాల తోరణద్వారం కొల్లగొట్టబడింది. చైనా దారిలో శ్రీవిజయం పెత్తనమే కారణమన్నది ఎక్కువమంది చరిత్రకారుల మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. అయితే చోళులు అక్కడ పాలన స్థాపించలేదు. దీన్ని ‘సామ్రాజ్య విస్తరణ’ అనడం మనం తర్వాత తగిలించుకున్న ఆభరణం.

కథలో మన భాగం ఇక్కడే మొదలవుతుంది. రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవి వేంగి ఇంటి కోడలు. ఆమె భర్త నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు. వాళ్ల కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. 1090లో కడారం రాజు (చోళులు శ్రీవిజయం ఏలికను ఇలాగే పిలిచేవారు) దూతలు ఈ వేంగి బిడ్డ దగ్గరికి వచ్చి, నాగపట్టణం విహారాల గ్రామాలకు పన్నుల మినహాయింపు అడిగారు. ఇచ్చాడు. తాత కొల్లగొట్టిన రాజ్యం కోరితే మనవడు రాగిరేకు రాయించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1088లో, సుమత్రా కర్పూర రేవు బరూస్‌లో ‘ఐదువందలవారు’ అనే వర్తక సంఘం తమిళ శాసనం వేయించుకుని ఉంది. సుంకాలు ఎత్తేసినవాడని పేరుపడ్డ కులోత్తుంగుడికి రేవుల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన వేంగి–చోళ వారసత్వ తగాదా దగ్గరే ఆగిపోతాడు. ఈ రాగిరేకుల ఊసు నాకెక్కడా కనబడలేదు.

ఇంత రాజ్యమూ ఆ తర్వాత జనం జ్ఞాపకంలోంచి పూర్తిగా జారిపోయింది. కట్టెతో కట్టిన ఇళ్లు, నదిలో తేలే తెప్పల ఊళ్లు, ఏటా మేట వేసే ఒండ్రు. మిగలడానికి రాయి తక్కువ. 20వ శతాబ్దం మొదట్లో కూడా ‘శ్రీవిజయ’ అంటే ఎవరో రాజు పేరని పండితులు అనుకున్నారు. అది రాజ్యమని 1918లో ఫ్రెంచి పండితుడు జార్జ్ సెదేస్ తేల్చాడు. ఆయనకు ఆధారాలు సుమత్రా పరిసరాల రాళ్లూ చైనా రాతలే కాదు, మన రాగిరేకులు కూడా. ఆ రేకులు డచ్చివాళ్ల వెంట నెదర్లాండ్స్‌లోని లైడెన్ చేరి, ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కాయి. ఇక నాగపట్టణంలో శిథిలంగా నిలిచిన బౌద్ధ గోపురాన్ని, బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇవ్వగా, 1867లో జెసూట్ పాదిరీలు పడగొట్టించారు.