మద్దెల ఓడే, రుజువులివిగో

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతని రిమోట్ కంట్రోల్ టూరింగ్ కార్ల ట్రాకుల దగ్గర తక్షణం నిషేధించాలి. పదో వంతు సైజు కారు, వెడల్పు 190 మిల్లీమీటర్లు. అంతలోనే కుదుపులు ఆపే నాలుగు షాకులు, మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే రెండు యాంటీ రోల్ బార్లు, ముందు స్పూలు (రెండు చక్రాల్నీ ఒకే వేగంతో తిప్పేది), వెనక గేర్ డిఫు (రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది), ఎక్కడ పడితే అక్కడ షిమ్ములనే అర మిల్లీమీటరు పల్చటి బిళ్ళలు. ఇంత సరంజామా ఉండగా తప్పంతా రిమోట్ ట్రిగ్గరు మీదున్న చూపుడు వేలిదేనని అనడం అన్యాయం.

కాకపోతే నింద మోపడానికి ఒక మర్యాద ఉంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గోడని గుద్ది వచ్చినవాడు "ముందు పట్టడం లేదు" అంటూ స్ప్రింగు మారుస్తాడు. మళ్ళీ గుద్ది వచ్చి "వెనక జారుతోంది" అంటూ షాకుల్లో నూనె మారుస్తాడు. మూడోసారికి రెండూ మార్చి, ఏది దేనికి మార్చాడో మర్చిపోతాడు. ఇలాంటి కేసులు ఏ పంచాయితీలోనూ నిలబడవు.

కారుని దోషిగా నిలబెట్టాలంటే ముందు దాన్ని అద్దం పలక మీద నిలబెట్టాలి. రేసుకి వెళ్ళే బ్యాటరీ లోపల ఉండాలి, రేసుకి వాడే టైర్లే వేసి ఉండాలి. ముందూ వెనకా నాలుగుసార్లు నొక్కి వదిలి, గేజి కింద పెట్టి కారు అడుగు పలక (ఛాసిస్) ఎంత ఎత్తులో ఉందో చూడాలి. తారు ట్రాకు మీద 5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టడం మామూలు. తర్వాత డ్రూప్, అంటే కారుని ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడే మేర. అది కుడి ఎడమలు సమానంగా లేకపోతే తర్వాతి పరీక్ష మొత్తం దొంగసాక్ష్యం.

ఆ పరీక్ష ట్వీక్‌ది, అంటే కారు మెలిక తిరిగి ఒక పక్కకే బరువు మోపుతోందా అన్నది. ముందు ఛాసిస్ అంచున, సరిగ్గా నడిమి గీత కింద కత్తి మొన పెట్టి మెల్లగా లేపండి. రెండు చక్రాలూ ఒక్కసారే అద్దాన్ని వదలాలి. ఒకటి గాల్లోకి లేచాక కూడా రెండోది అద్దాన్ని పట్టుకు వేలాడుతుంటే, దొరికాడు దొంగ. వెనక వైపూ ఇంతే. ఇప్పుడు యాంటీ రోల్ బార్ లింకులు విప్పి మళ్ళీ లేపండి. తేడా పోయిందా, నేరం బారుది: లింకుల పొడవులు కలవలేదు, లేదా బారు తన గూట్లో బిగుసుకుంది. పోలేదా, షాకులు విప్పి పొడవులు కొలవండి. అవీ సమానమైతే పై డెక్కు (ఛాసిస్ పైనుండే పలక) స్క్రూలన్నీ వదులు చేసి, ఛాసిస్‌ని అద్దానికి అదిమి పట్టుకుని, ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించండి. గోడని గుద్దినప్పుడు కార్బన్ పలక మెలికపడి, స్క్రూలు దాన్ని ఆ మెలికలోనే పట్టి ఉంచుతాయి. ఎడమకి చక్కగా తిరిగి కుడికి మొరాయించే కారులో చాలాసార్లు జబ్బు ఇదే. ఇది వదిలేసి స్ప్రింగులు కొనేవాళ్ళ వల్ల దుకాణాలు బతుకుతున్నాయి కాబట్టి ఈ పేరా రహస్యంగా ఉంచగలరు.

మద్దెల అక్షరాలా ఓడేది మాత్రం డిఫులో. ఓటికుండ సంగతే. వెనక డిఫులో చిక్కదనం నంబరు 5000, 7000 ఉన్న సిలికాన్ నూనె పోస్తారు. ఎక్కువ ఉంటే మంచిదని అంచుదాకా నింపితే, వేడెక్కి ఉబ్బిన నూనె ఓ-రింగు అనే రబ్బరు వలయాన్ని తోసుకుని బయటికొస్తుంది. మలుపు దాటి ట్రిగ్గరు లాగగానే లోపలి వెనక చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది. నింపిన డిఫుని కంసాలి కాటాలో తూచి, బరువు రాసిపెట్టుకుంటే, మళ్ళీ తూచినప్పుడు తరిగిందో లేదో తెలిసిపోతుంది. అంత కష్టం ఎందుకనుకునేవాళ్ళకి చేత్తో ఉజ్జాయింపుగా చూడడం అనే సాంప్రదాయిక పద్ధతి ఉండనే ఉంది.

టైర్ల విషయం ఒక్క ముక్క: పక్క గోడని బొటనవేలితో లాగి చూడండి. టైరుని చక్రానికి అంటించిన జిగురు ఊడితే పిచ్చి స్టీరింగుకి వేరే కారణం వెతకక్కర్లేదు.

ఇక ఛాంపియన్ల సెటప్ షీట్లు, అంటే కారులో ఏ భాగం ఎలా అమర్చారో రాసిన కాగితాలు. వియన్నాలో కార్పెట్ మీద గెలిచినవాడి షీటు దించుకుని, దుమ్ము పట్టిన తారు మీద కారుకి అచ్చంగా దింపుతారు. పక్కింటబ్బాయి జాతకం చూసి మనవాడికి ముహూర్తం పెట్టినట్టు. కార్పెట్ మీద పట్టు ఎక్కువై కారు పల్టీ కొడుతుందని అతను గట్టి స్ప్రింగు వేశాడు. పట్టే లేనిచోట అదే స్ప్రింగు వేస్తే కారు జారక ఏం చేస్తుంది? ఒకసారికి ఒక్కటే మార్చడం, ఏడెనిమిది ల్యాపులు తిప్పడం, పాతదానికి వెనక్కెళ్ళి తేడా నిజమేనా అని చూడడం అనే అలవాటు ఉన్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు పిట్ టేబుల్ దగ్గర అంత సరదా మనుషులు కారు.

ఇవన్నీ అయ్యాక కారు మీద కేసు కొట్టేసే ప్రమాదం ఒకటుంది. అది టైమింగ్ షీటు. ఐదు నిమిషాల రేసులో అత్యుత్తమ ల్యాపు 15.2 సెకన్లు, సగటు 16.4 అనుకోండి. అదే కారు, అవే టైర్లు, అదే డిఫు. టైము అయ్యేసరికి నడుస్తున్న ల్యాపుని కూడా లెక్కలో వేస్తే, 15.2 చొప్పున ఆగకుండా తిరిగితే 20 ల్యాపులు, 16.4 చొప్పున తిరిగితే 19. ఒకసారి 15.2 తిరిగిన కారు మిగతా ల్యాపుల్లో ఎందుకు తిరగలేదని ఎవరైనా అడిగితే ఫిర్యాదుదారు ఇబ్బందిలో పడతాడు. అందుచేత ఆ కాగితాన్ని గోడకి అంటించకుండా నిర్వాహకులు ఉత్తర్వులివ్వాలని మనవి. అది కుదరని పక్షంలో, సగటు ఉన్న గడి మీద కనీసం నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క వెయ్యాలి.