ఆఫ్రికా నవల 1958లో పుట్టలేదు

సాహిత్య గ్రూపుల్లో తరచూ తిరిగే ఒక పోస్టు ఉంది. దాని సారం ఇది: ఆఫ్రికాకు నవల అనేదే 1958లో నైజీరియా రచయిత చినువా అచెబెతో వచ్చింది, ఆ నవలలన్నీ లండన్ పాఠకుల కోసం రాసినవి, కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఇంగ్లీషును వదిలేశాడు కాబట్టి ఇంగ్లీషులో రాసిన మిగతావాళ్లంతా బానిస బుద్ధివాళ్లే, మొత్తమ్మీద అదంతా తెల్లవాళ్ల మీద ఫిర్యాదు. చదవడానికి ఊపుగానే ఉంటుంది గానీ, ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

ముందు 1958 సంగతి. అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' గొప్ప నవలే, అందులో పేచీ లేదు. కానీ అచెబె పుట్టిందే 1930లో. అంతకు 23 ఏళ్ల ముందే, 1907లో, ఇప్పటి లెసోతోకు చెందిన థామస్ మొఫోలో నవల సెసోతో భాషలో పుస్తకంగా వచ్చింది. ఆయన తర్వాత జూలూ రాజు చాకా మీద మరో నవల రాశాడు. దానికోసం దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతంలో సైకిలు మీద తిరిగి సమాచారం పోగేసుకున్నాడు. 1910 ప్రాంతంలో రాతప్రతి మిషనరీల చేతికి వెళ్లింది, ఎందుకంటే లెసోతోలోని మొరిజా ఊళ్లో ఉన్న అచ్చాపీసు వాళ్లదే. మంత్రగాళ్లు, పాత ఆచారాలు నిండిన ఈ కథ చదివితే కొత్తగా క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మళ్లీ వెనక్కి పోతారేమోనని వాళ్ల భయం. 'చాకా' అచ్చయింది 1925లో. అచ్చుయంత్రం మిషనరీలు తెచ్చిన మాట నిజమే, పుస్తకాన్ని దాదాపు పదిహేనేళ్లు తొక్కిపెట్టింది కూడా వాళ్లే.

ఇది ఒక్క మొఫోలో ముచ్చట కాదు. నైజీరియాలో ఫగున్వా యొరూబా నవల 1938లోనే వచ్చింది. దక్షిణాఫ్రికాలో సాల్ ప్లాట్యే ఇంగ్లీషు నవల 'మూదీ' 1930లో వచ్చింది. కైరోలో నగీబ్ మహఫూజ్ తన మూడు నవలల వరసను 1957 కల్లా ముగించాడు. ఈజిప్టు ఆఫ్రికాలో లేదనుకుంటే చెప్పలేం మరి.

లండన్ పాఠకుల మాటకొద్దాం. 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ను లండన్ ప్రచురణ సంస్థ హైన్‌మన్ మొదట వేసింది 2,000 కాపీలే. అది లక్షల్లోకి పోయింది, 1962లో అదే సంస్థ 'ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్' పేరుతో చవక అట్టల పుస్తకాలు మొదలుపెట్టాక. తొలి పదేళ్లు ఆ సిరీస్‌కు సలహా సంపాదకుడు అచెబే. ఆ పుస్తకాలకు ఆయువుపట్టు నైజీరియా, కెన్యా, ఘనాల్లోని బడులు, కాలేజీలు, సిలబస్. 1980ల మొదట్లో నైజీరియాలో విదేశీ మారకానికి కటకట వచ్చి పుస్తకాల దిగుమతి దెబ్బతినేసరికి ఆ సిరీస్ కుదేలైంది. పాఠకులంతా లండన్‌లోనే ఉంటే నైజీరియా ఖజానా ఖాళీ అయితే హైన్‌మన్‌కు టెన్షన్ ఎందుకు? ఏ పుస్తకం వెయ్యాలో, లాభం ఎక్కడికి పోవాలో లండన్‌లో తేలేది, అది న్యాయమైన ఫిర్యాదే. పోస్టు రాసినవాళ్లకు మాత్రం ఆ ఊసే పట్టలేదు.

గూగీ విషయంలో పోస్టు సగం చెప్పి ఆపేసింది. 1977లో కెన్యాలోని కమిరీథు అనే పల్లెలో రైతులు, కూలీలతో కలిసి తన మాతృభాష గికూయులో నాటకం వేయించాడాయన. వేషాలు కట్టింది ఊరివాళ్లే. అదే ఏడు ప్రభుత్వాన్ని ఎండగట్టే ఆయన ఇంగ్లీషు నవల వస్తే ఊరుకున్న సర్కారు, ఈ నాటకాన్ని మాత్రం నిషేధించి, డిసెంబరు 31న ఆయన్ని పట్టుకుపోయింది. విచారణ లేకుండా దాదాపు ఏడాది జైలు. కమితి జైల్లో టాయిలెట్ పేపరు మీద గికూయులో నవల రాశాడు. ఇంగ్లీషు వదలడమంటే అదీ, అంత ఖరీదు పెట్టి. అయినా ఆ నవలను తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆయనే. 2010లో మొదలుపెట్టి వరసగా తెచ్చిన జ్ఞాపకాలూ ఇంగ్లీషులోనే రాశాడు. ఆ జైలు నవలను వరవరరావు తానూ జైల్లో ఉండగా తెలుగు చేశారు, 'మట్టికాళ్ల మహారాక్షసి'గా. అదీ ఇంగ్లీషు దారినే మన దాకా వచ్చింది. గూగీ కొట్లాడింది గికూయుకు దక్కాల్సిన చోటు కోసం. ఇంగ్లీషులో రాసినవాళ్లందరికీ బానిస ముద్ర కొట్టాలంటే ఆయన పేరు అక్కరకు రాదు.

ఇక తెల్లవాళ్ల మీద ఫిర్యాదు. ఇది మరీ విడ్డూరం. గూగీని జైల్లో వేసింది స్వతంత్ర కెన్యా. అచెబె 'ఎ మ్యాన్ ఆఫ్ ది పీపుల్' 1966 జనవరిలో వచ్చింది. అందులో లంచగొండి మంత్రి స్వదేశీయుడే, నవల చివర సైనిక కుట్ర జరుగుతుంది. అదే నెలలో నైజీరియాలో నిజంగానే కుట్ర జరిగింది. రచయితకు ముందే తెలుసేమోనని అనుమానపడ్డారు కూడా! ఘనాలో అయీ క్వే ఆర్మా 1968 నవలలో రైల్వే గుమాస్తా చుట్టూ పేరుకున్న కుళ్లు స్వతంత్ర ఘనా తొలి నేత అంక్రుమా కాలానిది.

ఈ పోస్టులో ఒక్క రచయిత్రి పేరూ లేకపోవడం కూడా గమనించండి. నైజీరియా రచయిత్రి ఫ్లోరా న్వాపా నవల 'ఎఫురు' 1966లోనే వచ్చింది. సెనెగల్‌లో మరియామా బా 1979లో ఫ్రెంచిలో రాసిన చిన్న నవలలో గొడవంతా మొగుడు రెండో పెళ్లి చేసుకోవడం గురించి. పాతికేళ్ల కాపురం, పన్నెండుమంది పిల్లలు, అతను కట్టుకున్నది సొంత కూతురి స్నేహితురాల్ని. అదే నవలలో తెల్ల మనిషి ఒకావిడ ఉంది, బడి ప్రధానోపాధ్యాయిని. కథానాయిక ఆమెను కృతజ్ఞతతోనే తలుచుకుంటుంది.